కాగితం ప్లేటులో మఫిన్లు

ఒక విడత చేస్తే పన్నెండు మఫిన్లు వస్తాయి. మా ఇంట్లో తినేది ఇద్దరం. నా కష్టాలన్నీ ఈ లెక్క దగ్గరే మొదలయ్యాయి.

మా ఆయన వాడపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి, చాయ్‌తో ఒకటి తిని, "మంచిగుంది" అంటాడు. రెండోది ముట్టడు. ఉప్మా పెట్టినా అదే మాట, మఫిన్ పెట్టినా అదే మాట కాబట్టి ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోవడం మానేశాను. ఇక మిగిలింది మా అమ్మాయి. కోదాడలో ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. ఒక ఆదివారం ఫోన్లో, "అమ్మా, ఇక్కడ దొరికే మఫిన్లు బాగా ఎండిపోయి ఉంటున్నాయి, నువ్వు చేసి పంపరాదా" అంది. అది అడిగింది ఒక్కసారే. నేను ఏడాదిపాటు చేశాను. ఒకటి తలకెత్తుకుంటే దించడం నాకు చేతకాదు, అది మా పుట్టింటివాళ్ళందరికీ ఉన్న జబ్బే.

మొదట్లో ఓవెన్ లేదు, ట్రే లేదు. పెద్ద కుక్కరు అడుగున ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, వేడెక్కించి, అందులో ఇడ్లీ ప్లేటు పెట్టి పిండి పోశాను. మఫిన్‌కూ ఇడ్లీకీ మధ్య ఏదో ఒక పదార్థం తయారైంది. మా ఆయన తిని "మంచిగుంది" అన్నాడు. నేను వెనక వాకిట్లోకి పోయి, ప్రహరీగోడ మీదుగా పక్కింటి అక్కకు ఒకటి అందించాను.

పక్కింటి అక్క గవర్నమెంటు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మిర్యాలగూడలో మా వీధి అంతా ఆమెను సిస్టరమ్మ అంటారు, నేను మాత్రం అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. కొడుకు సూర్యాపేటలో ఉద్యోగం, ఆదివారం వచ్చి చర్చికి తీసుకుపోయి దింపి వెళ్తాడు. ఉన్నది ఉన్నట్టు అనడం ఆమెకు అలవాటు. నా ఇడ్లీ మఫిన్ ఒక ముక్క నమిలి, మింగి, మంచినీళ్ళు తాగి, అప్పుడు మాట్లాడింది.

"గొంతుకు అడ్డం పడ్తుంది చెల్లె. తీపి మాత్రం కరెక్టుగుంది."

తర్వాత లోపలికి పోయి, చిన్న స్టీలు గిన్నెలు ఒక దొంతర తెచ్చి గోడ మీద పెట్టింది. పాయసం పోసుకునే గిన్నెలు. "ఇండ్ల పోసి సూడు. ఇడ్లీ ప్లేటు లోతు సరిపోతలేదు" అంది.

ఆ గిన్నెలకు నూనె రాసి, పిండి చల్లి పోస్తే మొదటిసారి మఫిన్ మఫిన్‌లాగా పొంగింది. అప్పటినుంచి ఆ గిన్నెలు మా వంటింట్లోనే ఉండిపోయాయి. మఫిన్లు పెట్టి పంపిన మా డబ్బా వాళ్ళింట్లో, వాళ్ళ గిన్నెలు మా ఇంట్లో. ఏది ఎవరిదో నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ రోజులు గుర్తుకొస్తే, ఆలోచించకుండా ఉండటమే ఎంత మంచి సంగతో అనిపిస్తుంది.

ఇక నా ప్రయోగాలు మొదలయ్యాయి. మైదా మంచిది కాదని గోధుమపిండికి మారాను, బరువెక్కాయి. పెరుగు, వంటసోడా కలిపితే తేలికపడ్డాయి కానీ సోడా వాసన వచ్చింది. చక్కెర మానేసి బెల్లం వేశాను. పాకం వేడిగా ఉండగానే పాలల్లో పోస్తే పాలు విరిగిపోయాయి, ఆ రోజు మా ఇంట్లో అనుకోకుండా పన్నీరు కూర. చుట్టూ రైసుమిల్లులున్న ఊరు కదా, బియ్యప్పిండితో చేయకపోతే నామోషీ అనుకుని అదీ చేశాను. వేడి మీద బాగానే ఉన్నాయి, చల్లారాక రాళ్ళు. బియ్యపు రవ్వను ముందే మజ్జిగలో నానబెట్టి చేస్తే మాత్రం నోట్లో కరిగిపోయేవి వచ్చాయి. జొన్నపిండికి జిగురు లేదు, గుడ్డు వేసినా పగిలిపోయేది. మగ్గిన అరటిపండు మెదిపి కలిపితే నిలబడింది. ఈలోగా మా ఆయన చిన్న ఓవెన్ కొనుక్కొచ్చాడు. ప్రేమతో కాదు, కుక్కరు నాశనమైపోతోందని.

ప్రతి విడతా ఒక స్టీలు డబ్బాలో పెట్టి గోడ మీదుగా అక్కకు ఇచ్చేదాన్ని. ఆమె తినేదాకా అక్కడే నిలబడేదాన్ని. ఆమె "ఇయ్యాల కుదిరింది" అంటే ఆ రోజంతా నాకు హుషారు. "ఇది పిల్లకు పంపకు" అంటే మర్నాడే మళ్ళీ కలిపేదాన్ని. రెండు రోజులకు డబ్బా తిరిగొచ్చేది. ఎప్పుడూ ఖాళీగా రాలేదు. మా వైపు ఎవరిల్లైనా అంతే కదా, ఇచ్చిన గిన్నెను ఖాళీగా పంపరు, ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేస్తారు. అక్క చక్కెరతో సరిపెట్టే మనిషి కాదు. గారెలు, మురుకులు, గర్జెలు, అప్పాలు. డబ్బా మూత తీస్తే ఇంకా వేడి ఆరని వాసన. మా ఆయన వాటిని చూసి "మంచిగున్నయ్" అనకుండానే నాలుగు తినేవాడు. నేను కుళ్ళుకుంటూనే తినేదాన్ని.

ఒక మధ్యాహ్నం రాగి మఫిన్లు చేశాను. గోడ దగ్గర పిలిస్తే పలకలేదు. చుట్టూ తిరిగి వాళ్ళ వెనక తలుపు దగ్గరికి పోయాను. తలుపు ఓరగా ఉంది. అక్క పొయ్యి ముందు ఎత్తు స్టూలు మీద కూర్చుని అప్పాలు కాలుస్తోంది. పక్కన అడుగున కాగితం పరిచిన నా డబ్బా. జల్లిగరిటె అందక లేవబోయింది. గట్టు పట్టుకుంది, లేవలేకపోయింది. కాసేపు అలాగే ఉండి, "అయ్యో దేవా" అని, రెండో చెయ్యి కూడా ఆనించి లేచింది. నడుము సరిచేసుకోవడానికి ఇంకా కాసేపు పట్టింది.

నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. రాగి మఫిన్లు అలాగే చేతిలో ఉన్నాయి. ఏడాదంతా నేను ఒక ఆడమనిషిని పొయ్యి దగ్గర నిలబెట్టాను. నా సరదాకు, నా మెప్పుకు ఆమెతో చాకిరీ చేయించాను. అన్నం తింటుంటే కూడా ఆమె గట్టు పట్టుకున్న చేతులే కనిపించాయి. నిజంగా తప్పుచేసినదాన్నే అనిపించింది.

అప్పుడు చేయాల్సిన పని చాలా చిన్నది. మర్నాడు గోడ దగ్గర నిలబడి, "అక్కా, కాళ్ళు నొప్పిగా ఉన్నాయా?" అని అడగాలి. అంతే. అడిగితే నేను చూసినట్టు తెలుస్తుంది, ఆమె చిన్నబుచ్చుకుంటుంది అనుకున్నాను. పంపడం మానేద్దామంటే, ఎందుకు మానేశానో అనుకుంటుంది. డబ్బాలో పంపితే ఖాళీగా తిరిగివ్వదు. మరి డబ్బానే లేకపోతే? తిరిగివ్వడానికే ఏమీ లేకపోతే? ఈ ఉపాయం తట్టినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ వారమే సూర్యాపేటలో ఒక పెళ్ళికి పోయినప్పుడు బేకరీ సామాన్లు అమ్మే దుకాణంలో మఫిన్ ట్రే కొన్నాను, కాగితం కప్పులు కొన్నాను, వాటితోపాటు వెండిరంగు పూత ఉన్న కాగితం ప్లేట్ల కట్ట ఒకటి. ఇంటికొచ్చి అక్క చిన్న గిన్నెలను చింతపండుతో తళతళలాడేలా తోమి, తుడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి తిరిగిచ్చేశాను.

"ట్రే వచ్చింది కదక్కా, ఇక మీవి మీ దగ్గర ఉండనీయండి" అన్నాను.

"ఉండనియ్యరాదు చెల్లె, నాకేం పనిబడ్తయ్" అంది.

"వద్దులెండి" అన్నాను.

మర్నాడు కాగితం ప్లేటులో మఫిన్లు అందించాను. ఆమె చేతిలోకి తీసుకుని, మఫిన్లను కాదు, ప్లేటును చూసింది.

"డబ్బా ఏమైంది?"

"ఉందక్కా. ఇదైతే మళ్ళీ ఇవ్వక్కర్లేదు కదా. తిని పారేయండి."

"గట్లనా" అంది.

ఆ తర్వాత నువ్వుల మఫిన్లూ కాగితం ప్లేటులోనే, మజ్జిగ రవ్వవీ కాగితం ప్లేటులోనే. ప్రతిసారీ "తిని పారేయండి" అన్నాను. గడుసుగా, నవ్వుతూ అన్నాను. మెల్లగా ఆమె గోడ దగ్గరికి రావడం తగ్గింది. పిలిస్తే వచ్చి తీసుకునేది, నా ముందు తినేది కాదు. రుచి ఎలా ఉందని అడిగితే "మంచిగనే ఉంది" అనేది. మా ఆయన మాట ఆమె నోట విన్నప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. పాపం, విశ్రాంతి తీసుకుంటోంది అనుకున్నాను. వాళ్ళ వంటింట్లోంచి నూనె వాసన రాకపోతే నాకు తృప్తిగా ఉండేది.

క్రిస్మస్ వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజు అక్క ఇంటినుంచి మాకు పెద్ద ఇత్తడి పళ్ళెంలో పిండివంటలు వస్తాయి, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పి. ఈసారి ఆమె గేటు దాకా వచ్చి, గేటు బయటే నిలబడి పిలిచింది. చేతిలో తెల్లటి థర్మకోల్ ప్లేటు. కేకు ముక్కలు, గర్జెలు, పైన పేపర్ నాప్కిన్.

"హ్యాపీ క్రిస్మస్ అక్కా, లోపలికి రండి" అన్నాను.

"చుట్టాలొచ్చిండ్రు చెల్లె, పోవాలె. ఇది మల్ల ఇచ్చుడు లేదు. తిని పారెయ్యి."

నేను నవ్వాను. నా మాట నాకే అప్పజెప్పింది, హాస్యానికి అనుకున్నాను. ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టాను. మా ఆయన దాన్ని చూసి చెయ్యి చాపి ఆగిపోయాడు.

"సిస్టరమ్మ ఇంటికెల్లి ఎప్పుడు పళ్ళెంల కద వచ్చేది. ఇదేంది గిట్ల వచ్చింది? మనం ఏమన్న అన్నమా?"

"ఏమంటాం? నేను కాగితం ప్లేట్లలో ఇస్తున్నానని ఆమె కూడా..." అంటూ ఉండగానే నా మాట ఆగిపోయింది.

ఆయన నా వంక చూశాడు. "నువ్వు ఆమెకు పేపర్ ప్లేటుల ఇస్తున్నవా?" అన్నాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని వాకిట్లోకి పోయాడు. ఆయన ఏదైనా తిట్టి ఉంటే బాగుండేది.

అక్క సూర్యాపేట వైపు ఆత్మకూర్ దగ్గర దళితవాడలో పుట్టి, అక్కడినుంచే చదువుకుని నర్సయింది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, గోడ దగ్గర ఎన్నోసార్లు తానే చెప్పింది. కోదాడ దగ్గర మా పుట్టింట్లో వరికోతలప్పుడు కూలీలకు అన్నం పెట్టడం నేను చూశాను. కొందరికి స్టీలు పళ్ళాలు, కొందరికి మోదుగాకుల విస్తళ్ళు. విస్తళ్ళలో తిన్నవాళ్ళు వాటిని తామే తీసుకెళ్ళి పారేయాలి. ఎందుకని ఎవరూ పైకి చెప్పేవాళ్ళు కాదు, చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలుసు. వాళ్ళు ముట్టిన ఏ గిన్నే తిరిగి మన వంటింట్లోకి రాకూడదు, అదే దాని అర్థం. పిల్లగా ఉన్నప్పుడు ఆ విస్తళ్ళు నేను కూడా అందించాను.

ఇప్పుడు వెండిరంగు పూత ఉన్నవి అందించాను. గిన్నెలు తోమి మరీ తిరిగిచ్చేశాను. నాకు తల కొట్టేసినట్టయింది. గర్జెల మీద నాప్కిన్ మళ్ళీ కప్పేశాను.

మర్నాడు కోదాడ పోవాల్సి వచ్చింది, అమ్మాయికి మఫిన్లు ఇవ్వడానికి. హాస్టల్ గేటు దగ్గర చెట్టుకింద కూర్చుని అంతా చెప్పాను. ఆమె నొచ్చుకోకూడదనే కదా అలా చేశాను అని నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఎంతైనా కన్నకూతురు కదా, నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను.

"నువ్వు మనసులో ఏమనుకున్నావో ఆంటీకి ఎట్లా తెలుస్తుందమ్మా? ఆమెకు కనిపించింది ప్లేటే కదా" అంది. అని, మఫిన్ తింటూ, "ఇవి మాత్రం చాలా బాగొచ్చాయి" అంది. ఆ మాట కోసం ఏడాది కష్టపడ్డాను, విన్నప్పుడు ఏమీ అనిపించలేదు.

ఊరికి తిరిగొచ్చాక సరాసరి అక్క ఇంటికి పోయాను. ఈసారి గోడ దగ్గరికి కాదు, ముందు తలుపు దగ్గరికి. లోపలికి రమ్మంది, కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. మర్యాదలన్నీ జరిగాయి. మర్యాదలు మొదలయ్యాయంటేనే మేము ఎంత దూరం పోయామో తెలిసింది.

"అక్కా, కాగితం ప్లేట్ల సంగతి. మీరు వేరేగా అనుకోలేదు కదా" అన్నాను.

"నేనేం అనుకోలే చెల్లె" అంది. కాసేపు చీర కొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. తర్వాత నా ముఖం చూసింది.

"అనుకున్న. అబద్ధమెందుకు. సర్వీసంతా ఊర్లు తిరిగిన. ఇంట్లకు పిలిచి పిల్లలకు సూదులు ఏపిచ్చుకుంటరు, కాన్పు చేపిచ్చుకుంటరు. చాయ్ కాడికొచ్చేసరికి ఎంట వచ్చిన డాక్టరు సారుకు కప్పుల ఇస్తరు, నాకు పేపర్ గ్లాసుల. నవ్వుకుంటనే ఇస్తరు. నేను గూడ నవ్వుకుంటనే తాగిన. మీ ఇంట్ల అది లేదనుకున్న. నా గిన్నెలల్ల వండుకున్నవ్ కద నువ్వు. గందుకే ఎక్కువ నొప్పైంది."

నేను మీ కాళ్ళ గురించి ఆలోచించే అలా చేశాను అని చెప్పాను. వెనక తలుపు దగ్గర నిలబడి చూసిన సంగతీ, స్టూలూ, గట్టూ, అన్నీ చెప్పాను. చెప్తే ఆమె మనసు తేలికపడుతుందనుకున్నాను. కానీ ఆమె ముఖం ఇంకా ముడుచుకుంది.

"దొంగసాటుగ సూసి పోయినవా? నాకు నోరు లేదా చెల్లె? నొస్తె నొస్తున్నయని నేను చెప్పుకోనా? నిల్చుంటనో కూసుంటనో అది నా ఇష్టం. నీ కోసం చేసుడు నాకు మంచిగనిపించింది, చేసిన. నువ్వొచ్చి అడిగితె అయిపోవు కద."

నాకు కన్నీళ్ళు వచ్చాయి. ఆమె ఓదార్చలేదు, అది సరైనదే. లేచేముందు సిగ్గు విడిచి, "ట్రేలో బెల్లంవి అంటుకుంటున్నాయక్కా, మీ చిన్న గిన్నెలు మళ్ళీ ఇస్తారా" అని అడిగాను. అంటుకోవడం లేదని ఆమెకూ తెలుసు.

"యాడనో పెట్టిన. సూడాలె" అంది.

ఇంటికొచ్చి కాగితం ప్లేట్ల కట్ట బయట పడేయబోయి ఆగాను. పారేస్తే పోయేది కాదు కదా అది. అటక మీద పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది. తర్వాత అరటిపండు, జొన్నపిండి కలిపి ఆమెకు మొదట్లో నచ్చినవి చేశాను. స్టీలు డబ్బాలో పెట్టి గోడ మీదుగా అందించాను. ఆమె తీసుకుని లోపలికి పోయింది.

డబ్బా తిరిగి రాలేదు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. వాళ్ళ వెనక వాకిట్లో బట్టలుతికే బండ మీద అది కడిగి బోర్లించి ఉండటం మా మేడ మెట్ల మీదనుంచి కనిపించేది. మా ఇంట్లో డబ్బాలకు కరువు లేదు, అయినా నేను దేనిలోనూ ఏమీ పెట్టి పంపలేదు. ఓవెన్ మీద గుడ్డ కప్పేశాను. మా ఆయన మూడు పూటలు చాయ్‌తో బిస్కెట్లు తిని, "మఫిన్లు బందు వెట్టినవా?" అని అడిగాడు. "బందు" అన్నాను. రోజూ మెట్లెక్కి బండ వంక చూడటం మాత్రం బందు పెట్టలేకపోయాను.

కొత్త సంవత్సరం వచ్చి, పండుగ ముగ్గులు కూడా చెరిగిపోయాక ఒక పొద్దున అక్క మా గేటు తీసుకుని లోపలికి వచ్చింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. చేతిలో డబ్బా. నాకిచ్చింది. చాలా తేలికగా ఉంది. అలవాటు కొద్దీ మూత తీసి చూశాను, ఖాళీ. చూసినందుకు సిగ్గేసింది.

"ఏం పెట్టలె చెల్లె" అంది. "కాలు నొస్తుంది. పొయ్యి కాడ నిలవడలె."

నేను డబ్బా గట్టు మీద పెట్టి కుర్చీ జరిపాను. ఆమె గట్టు పట్టుకుని మెల్లగా కూర్చుంది. గిన్నెల మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ అవి ఆమె దగ్గరే ఉన్నాయి.

"ఏ కాలక్కా?" అని అడిగాను.

"కుడిది. ఎడమది మంచిగనే ఉంది" అంది.

అన్ని నెలలు ఆమె కాళ్ళను చూసి జాలిపడ్డాను. నొప్పి ఏ కాలిదో ఆ పొద్దున తెలిసింది.